అత్త అడిగిన విత్తనం

మా మేనత్త రాజవ్వ పోయిన మూడు నెలలకు ఆమె ఫోను మోగింది.

బొత్తాల ఫోను అది. ఆర్మూర్‌లో ఆమె ఇల్లు సర్దుతున్నప్పుడు బంధువులు ఇత్తడి బిందెలు, రోకలి, ఇసుర్రాయి, ఎవరికి నచ్చినవి వాళ్లు తీసుకుపోయారు. ఫోను జోలికి ఎవరూ రాలేదు కాబట్టి నా చేతిసంచిలో వేసుకుని నిజామాబాద్ తెచ్చుకున్నాను. ఫ్రిజ్ మీద పెట్టి నాలుగు రోజులకోసారి చార్జింగ్ పెడుతున్నాను, రీచార్జి కూడా చేయించాను. దానికి ఫోను చేసేదెవరు మరి. రిటైరైన లెక్చరర్‌ని, ఒక్కదాన్నే ఉంటాను, నా ఫోనుకే రోజుకు ఒకటో రెండో వస్తే గొప్ప, అవీ క్రెడిట్ కార్డు కావాలా అని అడిగేవాళ్లవి. అత్త ఫోను వెనకాల దెబ్బలకు వేసే తెల్ల పట్టీ అంటించి, దాని మీద ఎవరి చేతనో రెండు నంబర్లు రాయించుకుంది. ఒకటి నాది. రెండోది గ్యాసు వాళ్లదో మందుల దుకాణానిదో అనుకున్నాను. అనుకోవడమే తప్ప ఆమె బతికుండగా అడగలేదు.

ఆ రెండో నంబరు నుంచే ఫోను. ఎత్తగానే అవతల ఒక ముసలామె, నా మాట కోసం ఆగకుండా మొదలుపెట్టింది.

"అక్కా, ఏందే, గిన్ని దినాలాయె ఒక ఫోన్ లేదు, ఏం లేదు. మిర్గం వచ్చె, వాన గూడ వడె. విత్తనం ఎప్పుడు తెస్తవ్? నీ సంచి గీడ తయారుగ ఉన్నది."

నేను "హలో" అన్నాను.

"ఆఁ? ఇనవడ్తలేదే. చెవులు సక్కగ లెవ్వు నాకు. జెల్ది రా. చాపలు తెప్పిచ్చి పెడ్త," అని పెట్టేసింది.

ఆ గొంతు నేను జన్మలో ఒక్కసారే విన్నాను, నా పదకొండో ఏట. అయినా పోల్చుకోవడానికి కష్టపడలేదు. మా అత్తను అక్కా అని పిలిచి విత్తనం సంగతి మాట్లాడే మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉంటుంది. ఆమె మెండోర లింగవ్వ, మా అత్త మొగుడు చేసుకున్న రెండో పెళ్లాం. యాభై ఏళ్ల కింద తెగిపోయిందని నేననుకున్న సంబంధం, మొన్న మొన్నటిదాకా ఫోన్లలో నడుస్తోందన్నమాట. లింగవ్వకు అత్త పోయిన సంగతే తెలియదు. చెప్పవలసిన మనిషిని నేనే, చెప్పలేదు. అంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. ఆమె అడుగుతున్న విత్తనాన్ని నేను ఉడకబెట్టించేశాను. ఆ రెండు మాటలూ ఫోనులో చెప్పేవి కావు. తిరిగి ఫోను చెయ్యకుండా రెండు రోజులు ఇంట్లో అటూ ఇటూ తిరిగాను.

*

అత్తకు పెళ్లయినప్పుడు మా నాయనమ్మ ఆమె ఒడిబియ్యంలో ఐదు పసుపు కొమ్ములు పెట్టిందట. అందరూ పెట్టేవే. కానీ అందరూ పెట్టేవి ఉడికించి ఎండబెట్టిన కొమ్ములు. నాయనమ్మ పెట్టినవి పచ్చివి, మొలక కళ్లున్నవి. హడావిడిలో పొరపాటున పెట్టిందని మా నాన్న అనేవాడు. పొరపాటు కాదు, తెలిసే పెట్టిందని అత్త అనేది. మెండోరలో ఆమె వాటిని పెరట్లో పెట్టింది. ఐదు కొమ్ములు పదిహేనేళ్లలో అర ఎకరం అయ్యాయి. పొట్టివి, లావువి, చూడ్డానికి అందం లేనివి, కానీ విరిస్తే లోపల కుంకుమ కలిపినట్టుండేది రంగు. ఆమెకు పిల్లలు కాలేదు. మామ లింగవ్వను చేసుకున్నాడు. ఎవరూ అత్తను పొమ్మనలేదు, కొట్టలేదు, తిట్టలేదు. లింగవ్వ అయితే కాళ్లకు దండం పెట్టి అక్కా అనేదట. అయినా ఒక పొద్దున అత్త చీర కొంగు ఒడిలా పట్టి, విత్తనం కుప్పలోంచి తన చేతులకు పట్టినన్ని కొమ్ములు తీసుకుని, ఆర్మూర్ వచ్చేసింది. ఎందుకొచ్చినవని అడిగినవాళ్లకు ఆమె చెప్పిన మాట మా ఇంట్లో చాలా ఏళ్లు తిరిగింది: "గా ఇంట్ల నాకు కొదువ ఏం లేదు. జాగనే లేదు."

నాన్న ఆమెకు గుట్ట కింద ఉన్న చిన్న చెలక ముక్క రాసిచ్చాడు. అది దానమేమీ కాదు, నాయనమ్మ చెప్పిపోయినదే. ఇంట్లో దొడ్డివైపు గది ఆమెది. ఆ గదికి వేరే తలుపు, ఆ తలుపు పక్కన వేరే పొయ్యి. మేం ఆరుగురం ఇటు తింటుంటే, పది అడుగుల దూరంలో ఆమె తన మక్క గట్కో జొన్నరొట్టో తాను వండుకుని తినేది. నడుముకు ఒక గుడ్డసంచి కట్టుకునేది. అందులో అగ్గిపెట్టె, వక్కలు, చిన్న కత్తి, ఉప్పు పొట్లం ఉండేవి. ఉప్పు ఎందుకని మా అమ్మ నవ్వేది. ఆ వాడలో చారెడు ఉప్పుకో గుప్పెడు చింతపండుకో ఒకరింటికి ఒకరు రోజుకు నాలుగుసార్లు పోవడం మామూలు, అత్త మాత్రం ఎవరి గడపా తొక్కేది కాదు. ఒకసారి ముసురు పట్టి ఆమె అగ్గిపెట్టె నానిపోయింది. మా పొయ్యి భగభగ మండుతోంది. వచ్చి ఒక్క నిప్పుకణిక తీసుకుపోతే సరిపోను. ఆ పూట ఆమె అటుకులు నీళ్లలో తడిపి తిన్నది. "మా నిప్పు ముట్టుకుంటే నీకేమన్న అంటుకుంటదా వదినా," అని అమ్మ ఏడుపుమొహంతో అడిగితే, "మీది మీరు వండుకొండ్రి, నాది నేను వండుకుంట, గింత దానికి లొల్లెందుకు," అన్నది.

నాకు మాత్రం ఆమే లోకం. అమ్మ చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు వేలాడుతూ ఉండేవాళ్లం, అత్త చుట్టూ చాలా ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో పోయి కూర్చునేదాన్ని. పొద్దున్నే ఆమె వాకిట్లో సానుపు చల్లి, ఇత్తడి గ్లాసులో చాయ పోసుకుని, గడప మీద కూర్చుని ఊదుకుంటూ తాగేది. ఆ సేపు ఎవరు పలకరించినా పలికేది కాదు, నేను పక్కన కూర్చుంటే మాత్రం జరిగేది. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి హోళీ దాకా ఊరంతా పసుపు ఉడికే వాసన. తడిమన్ను, కాలిన ఆకు, ఇనుము కలిస్తే వచ్చే వాసన అది. ఎవరి కళ్లంలో చూసినా పొగలు, ఎవరి వాకిట్లో చూసినా ఎండుతున్న కొమ్ములు. మా తెల్ల యూనిఫాం చొక్కాలు ఫిబ్రవరి వచ్చేసరికి ఎంత ఉతికినా లేత పసుపే. ఊళ్లో కుక్కలు కూడా ఎండబోసిన పసుపు మీద దొర్లి అదే రంగులో తిరిగేవి. అత్త చేతులు ఏడాది పొడుగునా అదే రంగు. ఆమె నా తల దువ్వితే పాపిట్లో పసుపు గీత పడేది, బళ్లో పిల్లలు నవ్వితే నేను గర్వపడేదాన్ని.

మార్కెట్ యార్డుకు తన పంట తానే తోలుకుపోయేది, ఆడవాళ్లెవరూ పోని రోజుల్లో. తన కుప్ప మీద తానే కూర్చునేది. కొనేవాడు వచ్చి కొమ్ము చేతిలోకి తీసుకుని పెదవి విరిస్తే, ఆమె ఇంకో కొమ్ము తీసుకుని వాడి చెవి దగ్గర ఫట్టున విరిచి "చూసుడు గాదు, ఇను," అనేది. బాగా ఎండిన పసుపు గంటలా మోగుతుంది. ఆ పొట్టి కొమ్ములకు పేరు పడిపోయింది, రాజవ్వ పసుపు అని. మా నాన్న అప్పటికే దుగ్గిరాల వైపు నుంచి వచ్చిన పొడుగు కొమ్ముల విత్తనానికి మారిపోయాడు. ఊళ్లో చాలామందీ అంతే. అత్త మాత్రం పంట తవ్వగానే మొట్టమొదట విత్తనం వేరు చేసేది. ఏరిన కొమ్ముల్ని నీడలో కుప్ప పోసి, పసుపాకు కప్పి, పైన మట్టీ పేడా కలిపి అలికేసేది. వానలు మొదలయ్యే మిర్గం కార్తె దాకా ఆ కుప్ప అట్లాగే ఉండాలి. మొగుడి ఇంటి నుంచి ఆమె తెచ్చుకున్నది అదొక్కటే. ఆమె ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతకడానికి ఉన్న ఆధారమూ అదొక్కటే.

*

ఆ విత్తనాన్ని నేను నాశనం చేశాను.

పసుపు ఉడకబెట్టే జట్టు కడాయిలతో, కట్టెలతో చెలక నుంచి చెలకకు వంతు ప్రకారం తిరుగుతూ ఉండేది. వంతు తప్పితే మళ్లీ పది రోజులు ఆగాలి, తవ్విన పసుపు ఈలోగా వాడిపోతుంది. ఆ ఏడు అత్త వంతు మరునాడు అనగా, ఆమె ఎద్దు కాలికి దెబ్బ తగిలితే పశువుల దవాఖానకు తీసుకుపోయింది. నన్ను కుప్పలకు కాపలా పెట్టింది. ఆమె అటు పోగానే జట్టు ఇటు దిగింది. ఎవరో తవ్వకం పూర్తి చేసుకోలేదట, అందుకని ముందుగా వచ్చేశారు. జట్టు పెద్ద, "పెద్దమనిషెవరు లేరా బిడ్డా?" అని అడిగాడు.

ఇప్పటికీ ఆ క్షణం నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. నడుం మీద చేతులు పెట్టుకున్నాను, అచ్చం అత్త లాగా. "నేనున్న గదా. పెట్టుండ్రి," అన్నాను.

"గీ రెండు కుప్పలు గూడనా?"

ఒకటి పెద్ద కుప్ప. రెండోది ఇంకా అలకని చిన్న కుప్ప, పైన గోనెపట్ట కప్పి ఉంది. అది ఏమిటో ఎరగక కాదు. కానీ ఆ వేళ నా తలలో విత్తనం లేదు, పెత్తనం ఉంది. ఆగి ఆలోచిస్తే చిన్నపిల్లనని తెలిసిపోతుందేమోనని భయం. "అన్ని పెట్టుండ్రి," అన్నాను. ఉడికిన పసుపు మొలవదు. అది ఆర్మూర్‌లో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు.

అత్త తిరిగి వచ్చేసరికి రెండో కడాయి దించుతున్నారు. ఆమె గోనెపట్ట వైపు చూసింది, ఖాళీ నేల వైపు చూసింది, నా వైపు చూసింది. పొగలు కక్కుతున్న కడాయిలో చెయ్యి పెట్టి ఒక కొమ్ము తీసింది. అది కాలిపోతూ ఉండాలి, ఆమె మాత్రం గుప్పిట మూసుకుని అట్లాగే నిలబడింది. కబురు తెలిసి మా నాన్న బెత్తం తీసుకుని పరుగున వచ్చాడు. అత్త నాకు అడ్డం నిలబడింది.

"పోరిని ఏమనకు. దాని తప్పు గాదు. అడుగుడు దానికి నేను నేర్పలే."

ఆ మాటను నేను చాలా ఏళ్లు మెచ్చుకోలు అనుకున్నాను. ఏం మనిషినో.

నాన్న తన కుప్పలోంచి కావలసినంత విత్తనం తీసుకొమ్మన్నాడు. అది ఈ విత్తనం కాదన్నది అత్త. రెండు రోజులు ఆమె పొయ్యి రాజెయ్యలేదు. మూడో రోజు పొద్దున, "నడువ్," అన్నది నాతో.

పోచంపాడు దాకా బస్సు. అక్కడి నుంచి కొంత ఎడ్లబండి, కొంత నడక. ఎక్కడికని నేను అడగలేదు. మెండోరలో ఒక పెంకుటింటి ముందు ఆమె ఆగింది, లోపలికి పోలేదు. చంకలో పిల్లాడితో ఒకామె వాకిట్లో గిన్నెలు తోముతోంది. అరుగు మీద కూర్చున్న మగమనిషి మమ్మల్ని చూసి లేచి, కండువా దులుపుకుని వెనక గుమ్మం నుంచి వెళ్లిపోయాడు. మామను నేను చూసింది అంతే. గిన్నెలు తోమే ఆమె నిలబడిపోయింది.

"లింగవ్వా," అన్నది అత్త. "ఒకటి అడగనీకి వచ్చిన."

యార్డులో వ్యాపారుల్ని నోరెత్తనివ్వని మనిషి, ఎండలో నిలబడి కాలి బొటనవేలితో నేలను గీస్తోంది. ఆ వేలి చుట్టూ చిన్న గుంట పడింది. నేను ఆ గుంట వైపే చూస్తున్నాను, ఆమె మొహం వైపు చూసే ధైర్యం లేక. ఎంతసేపటికో, "విత్తనం పోయింది," అన్నది.

ఎట్లా పోయిందని లింగవ్వ అడగలేదు. పిల్లాడిని కింద దింపి, చెంబుతో నీళ్లు తెచ్చి అత్త కాళ్ల మీద తానే పోసింది. గడ్డపార తీసుకుపోయి, మొగుడిని అడగకుండా, వాళ్ల పెరట్లో అలికి ఉన్న విత్తనం కుప్ప పగలగొట్టింది. మొదట ఐదు కొమ్ములు తెచ్చి, "ఒడి పట్టక్కా," అన్నది. అత్త కొంగు పట్టింది. ఐదూ అందులో వేసి, తరవాత గోనెసంచి నింపింది. "గిది నాదా? నువ్వు ఇడిసిపెట్టి పోయినదే గదా," అన్నది. లోపల నుంచి చేపల పులుసు వాసన వస్తోంది, గోదారి చేప. పొద్దుటి నుంచి నా కడుపులో ఏమీ లేదు.

"అన్నం తిని పోండ్రి. పిల్ల మొగం జూడు, ఎట్ల గుంజుకపోయిందో."

"బస్సు పోతది," అన్నది అత్త.

తిరుగు బస్సులో సంచిని కింద పెట్టలేదు, పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుంది. కిటికీలోంచి చూస్తూ, నాతోనో తనతోనో, "అడుగుడు గింత కష్టమని నాకు తెల్వది బిడ్డా," అన్నది. కాలిన అరచెయ్యి బొబ్బ చిట్లి కారుతోంది. అది చూసి నేను ఆ బస్సులోనే ఒట్టు పెట్టుకున్నాను, జన్మలో ఎవరినీ ఏమీ అడగను, ఎవరికీ నా వల్ల అట్లా నిలబడే పని పెట్టను అని.

*

ఒట్టు బాగానే నిలబెట్టుకున్నాను. చదువుకున్నాను, కాలేజీలో పాఠాలు చెప్పాను. పెళ్లి మాటలు వస్తే అడగాల్సినవి అవతలివాళ్లే అడగాలని చూశాను, వాళ్లూ అట్లాంటివాళ్లే తగిలారు. ఆ తరవాత ఆ మాటలూ రాలేదు. మూడేళ్ల కింద బాత్రూంలో జారి మణికట్టు విరిగితే ఆటో ఎక్కి నేనే దవాఖానకు పోయాను, నెలన్నర ఒక్క చేత్తో వండుకున్నాను. పక్క ఫ్లాటావిడకు పట్టీ విప్పిన తరవాత తెలిసింది. "చెప్పద్దా టీచర్?" అని ఆమె నొచ్చుకుంటే లోపల సంతోషపడ్డాను కూడా. నేను అత్త పోలికను అనుకునేదాన్ని. నెలకో ఆదివారం ఆర్మూర్ పోయి ఆమె గడప మీద పక్కన కూర్చునేదాన్ని. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. నాన్న పోయాడు, అమ్మ పోయింది, వాడంతా మేడలైంది, అత్త ఉంటున్న మా పాత పెంకుటిల్లు ఒకటే మిగిలింది. నా దగ్గరికి వచ్చెయ్యమని అడుగుదామనుకునేదాన్ని. ఆమె వద్దంటుందని నాకు నేనే తేల్చుకుని ఊరుకునేదాన్ని. ఇద్దరు ఒంటరి ఆడవాళ్లం, ఒకరి ఏకాంతాన్ని ఒకరం గౌరవించుకుంటున్నాం అని పెద్ద మాటలు కూడా అనుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఆదివారాలన్నీ తిరిగి ఇచ్చెయ్యమని ఎవరినైనా బతిమాలాలనిపిస్తుంది.

మొన్న పంట తవ్వే రోజుల్లోనే, తొంభైకి దగ్గర పడ్డ వయసులో, చాయ గ్లాసు చేతిలో ఉండగానే గడప మీద ఒరిగిపోయింది. దినాలయ్యాక చెలక చూడబోతే రెండు కుప్పలున్నాయి. చిన్నదాన్ని ఆమే అలికిపోయింది, మట్టి మీద ఆమె వేళ్ల గుర్తులున్నాయి. ఇప్పుడు కడాయిలు లేవు, ఆవిరి మిషను ట్రాక్టరు వెనకాల వస్తుంది. ఆ అబ్బాయి నన్ను అదే అడిగాడు, "మేడం, గీ చిన్నది గూడనా?" ఈసారి నాకు తెలుసు. పదకొండేళ్ల పిల్లను కాను. విత్తనమని తెలుసు, ఎవరి విత్తనమో తెలుసు. కౌలుకు తీసుకునే రైతు కొత్త రకం వేస్తానంటున్నాడు, ఇంక దీన్ని ఎవరు పెడతారు, నేనా? ఎవరినైనా అడిగి ఉండవచ్చు. వాడలో కావాలన్నవాళ్లు దొరికేవాళ్లేమో. ఎవరినీ ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం ఉండదు కదా. "అన్నీ పెట్టెయ్," అన్నాను. వేళ్ల గుర్తులున్న మట్టి పెల్లలు పక్కకు పడుతుంటే మొహం తిప్పుకున్నాను.

*

మెండోరకు ఇప్పుడు నేరుగా ఆటోలున్నాయి. పెంకుటిల్లు పోయి డాబా వచ్చింది, గోడకు లేతాకుపచ్చ రంగు. వరండాలో మంచం మీద లింగవ్వ కూర్చుని ఉంది. తల ముగ్గుబుట్ట, బక్కచిక్కిన చేతులు, అదే పసుపు రంగు. నేను గేటు బయటే ఆగాను. ఎందుకు ఆగానో కాసేపటికి గాని అర్థం కాలేదు.

"ఎవరు బిడ్డా?"

"సుగుణను. రాజవ్వ మేనకోడలిని," అని గట్టిగా కేకేశాను.

ఆమె నా వెనక చూసింది. గేటు దాకా చూసింది, రోడ్డు దాకా చూసింది. చెవులు వినపడని మనిషికి గట్టిగా అరిచి ఎట్లా చెప్పడం? దగ్గరికి పోయి చేతులు పట్టుకున్నాను. ఆమె నా చేతుల వైపు చూసి, నా మొహం చూసి, తానే అన్నది. "పోయిందా?" తల ఊపాను. "ఎన్నడు?" చెప్పాను. ఆమె కొంగుతో మంచం పట్టె తుడుస్తూ కూర్చుంది, అక్కడేదో మరక ఉన్నట్టు. తరవాత ఒక్కసారిగా, "మూడు నెలలాయె, నాకొక్క ముచ్చట చెప్పకపోతిరి," అని ఏడ్చింది.

ఆ ఏడుపు మధ్యలో మాట మాటగా నాకు తెలిసింది. ఆ ఏడు విత్తనం తీసుకుపోయిన తరవాత, మరుసటి మిర్గానికి అత్త ఒక సంచి మోసుకుని మళ్లీ వచ్చింది. అప్పు తీర్చడానికి కాదట. "ఒక్క భూమిల్నే పెడుతుంటే విత్తనం బలం తప్పుతది, మార్చుకుందం," అన్నదట. అప్పటి నుంచి ఏటా వచ్చేది. ఒక సంచి తెచ్చేది, ఒక సంచి తీసుకుపోయేది. వచ్చిన రోజు చేపల కూర తిని, మధ్యాహ్నం ఇదే మంచం మీద పడుకుని, ఇద్దరూ కలిసి మొగుణ్ని తిట్టుకునేవాళ్లట. ఆయన పోయినప్పుడు వచ్చి పదిహేను రోజులుంది. లింగవ్వ కోడలి కాన్పుకు వచ్చింది. ఆసరా లేకుండా నడవలేని రోజులొచ్చాక, మనవడు ఆర్మూర్‌కు బండి మీద వచ్చి సంచీలు మార్చుకుని, ఆమెను కూడా కూర్చోబెట్టుకుని తెచ్చేవాడట. వాకిట్లో మూలన ఉన్న మందార కొమ్మ అత్త నాటిందట. ఆ ఇంట్లో ఆమెకు ఒక చెంబు, ఒక దుప్పటి వేరే ఉన్నాయి.

యాభై ఏళ్లు. నేను ఆదివారం ఆదివారం పక్కన కూర్చున్న మనిషి జీవితంలో ఇంత ఇల్లు ఉంది. నేను ఆమె నుంచి నేర్చుకున్నాననుకున్న ఒంటరితనం ఆమెది కానే కాదు. ఆ బస్సులో అడగకూడదని నేను ఒట్టు పెట్టుకుంటుంటే, పక్క సీట్లో ఆమె అడగడం నేర్చుకుని ఇంటికి పోతోంది.

"నాకు ఒక్కనాడు చెప్పలేదు," అన్నాను. గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

లింగవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నది. "నువ్వు ఎన్నడన్న అడిగినవా?" అన్నది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

లేదన్నాను. ఆ తరవాత విత్తనం సంగతి కూడా చెప్పేశాను, తల వంచుకుని, దాచకుండా. ఆమె మొదట అర్థం కానట్టు చూసింది. తరవాత ఏడుస్తున్న మొహంతోనే, పళ్లు లేని నోటితో నవ్వింది.

"మల్లనా? మల్ల ఉడకవెట్టినవా?"

మొదటిసారి సంగతి అత్త చెప్పిందన్నమాట. ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వుకున్నారో ఇద్దరూ. నాకు నవ్వు రాలేదు. ఆమె చూపించిన వైపు చూశాను. వరండా చివర నీడలో, గోడకు ఆనించి, పసుపాకు కప్పిన గోనెసంచి. ఆకు సందుల్లోంచి మొలకలు తొంగి చూస్తున్నాయి, తెల్లగా, మొనదేలి. అత్త వాటా. ఇంకొక్క వాన పడితే చాలు, ఇంక ఆగవు.

లింగవ్వ తీసుకుపొమ్మనలేదు, వద్దనలేదు. నా వైపు చూస్తూ కూర్చుంది. నాకు తెలుసు ఆమె దేని కోసం ఆగిందో. తీసుకుపోతే కౌలు రైతును ఒక ముక్క వదలమని అడగాలి. పెట్టడం రాదు, ఎవరినైనా నేర్పమని అడగాలి. వచ్చే ఏడు మళ్లీ ఇక్కడికి రావచ్చా అని ఈమెను అడగాలి. నోరు తెరిచాను. అరవై దాటిన వయసులో, నలభై మందికి గంటసేపు ఆపకుండా పాఠం చెప్పిన నోటికి ఒక్క మాట రాలేదు. తల దించుకుంటే నా కాలి బొటనవేలు కనిపించింది. చెప్పుల్లోంచి బయటికి వచ్చి నేలను గీస్తోంది. గచ్చు కాబట్టి గుంట పడలేదు.

లోపల వంటింట్లో ఎవరో మూత తీశారు. చేపల పులుసు వాసన వరండా దాకా వచ్చింది.

"చిన్నత్తా," అన్నాను. ఆమెను అట్లా పిలవడం అదే మొదలు. "ఆకలైతున్నది. జర అన్నం పెడ్తవా?"

ఆమె వినపడలేదేమో అనుకున్నాను. మంచం పట్టె పట్టుకుని, మోకాళ్లు నొక్కుకుంటూ లేచి నిలబడింది.

"గప్పుడు తినకుండ పోతివి," అన్నది. "కూసో."